పాప డబ్బాలో పోసిన మట్టి

మనవరాలి బడి నుంచి మెసేజ్ వచ్చిందని కోడలు ఫోను తెచ్చి చూపించింది. సోమవారం ప్రతి బిడ్డా ఒక కాగితపు కప్పు, గుప్పెడు మట్టి, నాలుగు పెసలు తీసుకురావాలట. వానలు తగ్గి పంటలు చేతికొచ్చే కాలం కదా, పిల్లలు తమ చేతులతో విత్తు నాటి, మొలక రావడం కళ్ళారా చూడాలట. వీలైతే ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా వచ్చి సేద్యం గురించి నాలుగు మాటలు చెప్పాలట.

"మీరు పోండత్తా. మీకు తెలుసు గదా ఇవన్నీ," అంది కోడలు.

మావాడు కోలారు దగ్గర నరసాపురంలో బండ్ల ఫ్యాక్టరీలో పని చేస్తాడు. కంపెనీ బస్సు ఆగే వీధిలోనే అద్దెకుంటున్నాం. ఇక్కడ గుప్పెడు మట్టి కావాలన్నా వెతుక్కోవాలి. కోడలు ఎదురుగా కడుతున్న ఇంటి ముందు నుంచి సన్నటి తెల్ల ఇసుక తెచ్చి కప్పు నింపింది. నేను ఆ కప్పు లాక్కుని బయట పారబోశాను. ఏదో అరిచాను కూడా, ఏమని అరిచానో నాకే గుర్తులేదు. పిల్ల జడుసుకుని ఏడ్చింది. ముసల్దానికి చాదస్తం ముదిరిందని కోడలు మొగుడితో అనే ఉంటుంది. అననీ. నాది చాదస్తమే అయితే ఎంత బాగుండేది!

మోకాళ్ళ నొప్పని చెప్పి బడికి పోలేదు. పసిపిల్లలకు మొలకల గురించి చెప్పడానికి నాకంటే తగని మనిషి ఈ కోలారు జిల్లా మొత్తంలో ఉండదు. వాళ్ళ వయసులో నేను ఒక పని చేశాను. దాన్ని చెప్పుకోవలసిన మనిషి ఒకే ఒకడు ఉండేవాడు. ఆయనకు చెప్పలేదు. ఇప్పుడు ఆయన లేడు కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నాను. ఇదీ ఒక రకం పిరికితనమే.

మేము పుట్టి పెరిగింది బంగారు గనుల్లో. అప్పటికే గనులు తెల్లదొరల చేతిలోంచి సర్కారు చేతికి వచ్చేశాయి. దొరలు పోయినా వాళ్ళ బంగళాలు పోలేదు, క్లబ్బు పోలేదు, సంగు పోలేదు. సంగు అంటే షిఫ్టు మారేటప్పుడు మోగే కూత. మా అమ్మ దాన్ని బట్టే ఎసరు పెట్టేది, దాన్ని బట్టే నాకు తల దువ్వేది. వేళ కాని వేళ మోగితే మాత్రం లైన్లలో ఆడవాళ్ళంతా చేతిలో పని వదిలేసి బయటికొచ్చి నిలబడేవాళ్ళు.

లైన్లంటే మేమున్న ఇళ్ళ వరసలు. ఒక్కో ఇల్లు ఒక్క గది, ముందు ఒక చిన్న వసారా. ఇంటికీ ఇంటికీ మధ్య వెదురు తడిక, దానికి మట్టి పూత. ఇటు మా అమ్మ పోపు వేస్తే అటు పక్కింటివాళ్ళు తుమ్మేవాళ్ళు. ఆ పక్కింట్లోనే మామ ఉండేవాడు. చుట్టం కాదు. మా తాత, వాళ్ళ నాన్న చిత్తూరు వైపు పల్లెల నుంచి ఒకే బస్సులో కూలికి వచ్చారట, ఆ వరసే నిలిచిపోయింది. మా నాన్నా ఆయనా ఒకరినొకరు బావా అని పిలుచుకునేవాళ్ళు. గనిలో ఒకే మేస్త్రీ కింద పని, షిఫ్టులే వేరు. ఆయన భార్యను నేను అత్తా అనేదాన్ని. వాళ్ళకు ఒక్కతే కూతురు. ఇంట్లో పాప అనేవాళ్ళు, లైనంతా పాప అనే పిలిచేది.

నాన్న ఇంటికొస్తే ముందు ఆయన చొక్కా వాసన వచ్చేది. తూటా మందు, తడి రాయి, చెమట కలిసిన ఘాటు. ఒళ్ళు కడుక్కున్నా పోయేది కాదు. ఆయన తూక్కు, అంటే మూతగిన్నె, నేనే అందుకునేదాన్ని. అందులో క్యాంటీనులో ఇచ్చిన బన్ను సగం మిగిల్చి తెచ్చేవాడు. "లోపల ఎలకలకు పెట్టినా, మిగిలింది నీకు," అనేవాడు. ఎలకల ఎంగిలి తింటున్నానని నేను నిజంగానే నమ్మి, పాపకు కూడా విరిచి పెట్టేదాన్ని.

లైను చివర రేకుల కప్పు గదిలో బాలవాడి. మేము ఇరవై మందిమి ఉంటామేమో. తెలుగు, అరవం, కన్నడం అన్నీ కలిపి కొట్టే భాష మాది. పొద్దున పసుపు రంగు ఉప్మా, మధ్యాహ్నం పాలపొడి కలిపిన పాలు, ఆ తరువాత చాపల మీద బలవంతపు నిద్ర. టీచరమ్మది ముళబాగిలు దగ్గర బైరకూరు. సేద్యం చేసే ఇంటి పిల్ల. శనివారం బస్సెక్కి ఊరికి పోయి సోమవారం వచ్చేటప్పుడు సంచీలో ఏదో ఒకటి తెచ్చేది. పచ్చి చెనక్కాయలు, సీతాఫలాలు, ఒకసారి పట్టుపురుగులు, ఒకసారి అప్పుడే పుట్టిన కుక్కపిల్ల. "ఈ పిల్లోళ్ళకు చెనక్కాయ మాను మింద కాస్తాదో భూమిలో కాస్తాదో గూడ తెలీదు. వీళ్ళ నాయన్లు భూమిలోనే ఉండేది, ఏం లాభం!" అని ఆయాతో అంటూ నవ్వేది.

పిల్లలు ఏదైనా చేత్తో పట్టుకుంటేనే నేర్చుకుంటారని ఆమె నమ్మకం. అప్పట్లో అలా అనేవాళ్ళు అరుదు. చెవి మెలిపెడితే నేర్చుకుంటారనేవాళ్ళే ఎక్కువ.

వానలు తగ్గుముఖం పట్టే రోజుల్లో మావైపు మొలకల పున్నమి వస్తుంది. ఇంటింటా నవధాన్యాలు మట్టిలో చల్లి, పున్నమి దాకా నీళ్ళు పోసి, ఆ సాయంత్రం మొలకలను నెత్తిన పెట్టుకుని పాటలు పాడుతూ పోయి నీళ్ళలో వదులుతారు. ఆ ఏడు టీచరమ్మకు ఆలోచన వచ్చింది, ఈ మొలకలేవో బాలవాడిలోనే పెంచితే పిల్లలకు పాఠం, తల్లులకు పండగ. ఒక్కొక్కరికి ఒక్కొక్క ఖాళీ పాలపొడి డబ్బా ఇచ్చి, దాని మీద రంగుతో ఒక బొమ్మ వేసింది. నా డబ్బా మీద ఎద్దులబండి, పాప డబ్బా మీద చిలక.

"ఇది పాఠమమ్మా, పూజ కాదు," అని తల్లులకు ముందే చెప్పింది. ఎవరు వింటారు? ఎవరి మొలక ఒత్తుగా వస్తే వాళ్ళ ఇల్లు పచ్చగా ఉంటుంది, ఎవరిది రాకపోతే ఆ ఇంటికి ఏదో మూడుతుంది. ఈ మాట మా తల్లులు వాళ్ళ తల్లుల దగ్గర విన్నారు. పల్లెల్లో అయితే అది వానకూ పంటకూ సంబంధించిన మాటేమో. మా లైన్లలోకి వచ్చేసరికి అది గనిలోకి దిగిన మగవాడికి సంబంధించిన మాట అయిపోయింది.

పాఠం మొదలుపెట్టే రోజు టీచరమ్మ ఒక పెద్దాయనను పిలిపించింది, విత్తు గురించి పిల్లలకు చెప్పమని. గనిలో నలభై ఏళ్ళు చేసి రిటైరైన తాత. దగ్గు ఒకపక్క, బీడీ ఒకపక్క. మీసం కూడా రాకముందే గనిలోకి దిగినవాడికి సేద్యం ఏం తెలుస్తుంది పాపం! కాసేపు తల గోక్కుని, "ఇంగేముండాది పిల్లోళ్ళారా, విత్తు గూడ మన మాదిరే. లోపలికి దిగుతాది, షిఫ్టు అయినంక పైకొస్తాది. కొన్ని రావు, అంతే," అన్నాడు. మేము పకపకా నవ్వాం. టీచరమ్మ ఆయన చేతిలో గ్లాసెడు పాలు పెట్టి పంపేసింది.

ఇక మట్టి సంగతి. మా లైన్ల చుట్టూ విత్తడానికి పనికొచ్చే మట్టి లేదు. ఉన్నదల్లా సైనైడు దిబ్బ. గనిలోంచి తీసిన రాయిని పిండి చేసి, మందు కలిపి బంగారం లాగేసుకున్నాక మిగిలిన పొడి అది. ఏళ్ళ తరబడి పోసీ పోసీ కొండంత అయింది. దాని మీద గడ్డిపోచ కూడా మొలవదు. చేత్తో తీసుకుంటే మెత్తగా, తెల్లగా, ఎండలో కాస్త మెరుస్తూ ఉంటుంది. తడిస్తే అంటుకుంటుంది, ఆరితే సిమెంటులా గట్టిపడుతుంది. మేము దాని మీద రేకు ముక్కలేసుకుని జారేవాళ్ళం. ఇంటికెళ్తే జుట్టులో, చెవుల్లో అదే. అమ్మ వీపు మీద నాలుగు తగిలించి తలకు పోసేది.

అందుకని టీచరమ్మ తన ఊరి చెరువు మట్టిని రెండు సంచుల్లో బస్సు మీద వేయించుకుని వచ్చింది. నల్లటి మట్టి. మూతి విప్పగానే గదంతా వాన పడినట్టు వాసన. వరసలో నిలబెట్టి ఒక్కొక్కరి డబ్బాలో దోసిలితో పోసింది. వరసలో ఆఖరు నేను. నా దగ్గరికి వచ్చేసరికి సంచీ అడుగంటింది. నా డబ్బా సగమే నిండింది. "చాల్లే తల్లీ, కొంచెం మట్టిలో గూడ మొలుస్తాది," అంది టీచరమ్మ. రాత్రంతా మట్టి నానాలని, తెల్లారి విత్తుదామని డబ్బాలన్నీ కిటికీ అరుగు మీద వరసగా పెట్టించింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. అందరివీ నిండుగా ఉంటే నాది సగమా? మధ్యాహ్నం అందరూ చాపల మీద పడుకున్నారు. టీచరమ్మా ఆయా వాకిట్లో కూర్చుని చెనక్కాయలు ఒలుస్తున్నారు. నేను వెనక సందులోంచి పోయి, గౌను నిండా దిబ్బ పొడి నింపుకొచ్చాను. నా పక్క డబ్బాలోని నల్లమట్టి నా డబ్బాలో అదిమి అదిమి నింపుకున్నాను. ఆ డబ్బాలో దిబ్బ పొడి పోసి, పైన కనబడకుండా గుప్పెడు నల్లమట్టి చల్లాను. అది చిలక డబ్బా. పాప మీద నాకు కోపం ఏమీ లేదు. ఆ పొద్దున కూడా బన్నులో ముక్క విరిచి పెట్టాను. దాని డబ్బా నా డబ్బా పక్కన ఉంది, అంతే కారణం. ఏదైనా పగ ఉండి చేసి ఉంటే కనీసం చెప్పుకోవడానికి ఒక కారణమైనా ఉండేదని ఎన్నిసార్లు అనుకున్నానో.

మరునాడు విత్తాం. రాగులు, పెసలు, ఉలవలు, అలసందలు, ఇంకా ఏవేవో. టీచరమ్మ ఒక్కొక్క గింజ పేరూ చెప్పించి, వేలితో గుంట చేయించి వేయించింది. మూడోనాటికి కిటికీ అరుగంతా పచ్చ చుక్కలు. మేము పలకలు వదిలేసి అక్కడే కూర్చునేవాళ్ళం. నా డబ్బాలో మట్టి ఎక్కువ కదా, మొలకలు ఒకదాన్నొకటి తోసుకుని లేచాయి. పాప డబ్బాలో ఏమీ లేదు.

"తొందరేమి పాపా, కొన్ని లేటుగా లేస్తాయి," అంది టీచరమ్మ. ఐదోనాడు తనే పైపైన మళ్ళీ నాలుగు గింజలు చల్లింది. రెండు తల ఎత్తాయి. పాప చప్పట్లు కొట్టి ఎగిరింది. మరునాటికి అవి పసుపు తిరిగి వాలిపోయాయి. టీచరమ్మ నొసలు ముడేసుకుని ఆ డబ్బా వైపే చూసింది కానీ, గిల్లి చూడలేదు. అప్పుడే ఒక్క పుల్ల పెట్టి కెలికి ఉంటే సరిపోయేది. నన్ను నాలుగు బాది ఉండేది, అంతటితో అయిపోయేది.

పున్నమికి ముందురోజు మధ్యాహ్నం తల్లులు మొలకలు చూడ్డానికి వచ్చారు. వస్తూ వస్తూ ఒకరు బొరుగులు, ఒకరు బెల్లం, మా అమ్మ ఉడికించిన చెనక్కాయలు తెచ్చింది. ఎవరి బిడ్డ డబ్బా దగ్గర వాళ్ళు నిలబడి మురిసిపోతున్నారు. అత్త చిలక డబ్బా ముందు నిలబడింది. ఆమె ముఖంలో రక్తం దిగిపోవడం నేను చూశాను.

"ఏమమ్మా ఇది, ఒక్కటీ రాలేదే?" అంది.

"రెండు వచ్చినాయమ్మా, మళ్ళ చచ్చిపోయినాయి," అని పాప ఉన్నదున్నట్టు చెప్పింది. చచ్చిపోయినాయి అనే మాట వినగానే అత్త కొంగు నోట్లో కుక్కుకుంది. టీచరమ్మ పరుగున వచ్చి, గింజ పుచ్చిందని, నీళ్ళు ఎక్కువయ్యాయని ఏమేమో చెప్పింది. అత్త వినలేదు. పాప చెయ్యి పట్టుకుని ఇంటికి పోయింది.

ఆ సాయంత్రం తడిక అవతల ఆమె ఏడుపు మాకు వినబడుతూనే ఉంది. మామ మొదట నవ్వాడు. తరువాత విసుక్కున్నాడు. "గింజ మొలవకపోతే నేను షిఫ్టు మానుకోవల్నా? మేస్త్రీ చెప్పుతో కొడతాడు," అన్నాడు. అత్త తగ్గలేదు. "రేపు పొద్దున నువ్వు దిగితే నేను బావిలో దిగుతా," అంది. చివరికి ఆయన మా వసారాలోకి వచ్చాడు. నాన్న గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు, నేను ఆయన ఒళ్ళో చెనక్కాయలు తింటున్నాను.

"బావా, ఒక మాట. రేపు పొద్దున నా షిఫ్టుకు నువ్వు పోతావా? మధ్యాహ్నం నీదానికి నేను పోతా. అప్పటికి మొలకలు తీసుకొని బయల్దేరుతారు, పీడ పోయిందనుకుంటాది. ఆయమ్మ ఏడుపు జూడలేక పోతా ఉండా."

నాన్న గట్టిగా నవ్వాడు. "దానికెందుకప్పా అంత మొహం బెట్టుకున్నావు? పోతాలే. నాకేం భయం, మా బిడ్డ డబ్బా జూసినావా? గడ్డివామి మాదిరి లేచింది!"

తడిక పక్క నుంచి అత్త కూడా వచ్చి నిలబడింది. కళ్ళు తుడుచుకుంటూ, "అందుకే అడిగినామన్నా. లేకుంటే అడుగుదుమా? నీ బిడ్డ మొలక అంత పచ్చగా ఉండాది, నీకేమీ కాదు," అంది. అమ్మ లోపలి నుంచి, "పోనీలే వదినా, పండగపూట కంట నీరు పెట్టుకోవాకు," అంది. నాన్న నన్ను రెండు చేతులతో పైకెత్తి, నా అరచెయ్యి తన కళ్ళకు అద్దుకున్నాడు. "మంచి చెయ్యిరా నా తల్లిది," అన్నాడు.

నాకు అప్పుడు ఏం తెలుసని అడుగుతారేమో. ఏం జరుగుతుందో తెలియదు. కానీ ఆ పొగడ్త నాది కాదని తెలుసు. డబ్బా సంగతి చెబితే ఆయన నన్ను దించేస్తాడని తెలుసు. అంత ఎత్తు నుంచి లైనంతా కనబడుతోంది, నాకు దిగాలనిపించలేదు.

తెల్లారి సంగుకు నాన్న వెళ్ళిపోయాడు. నేను లేచేసరికి లేడు.

మా కింద భూమి అప్పుడప్పుడు అదిరేది. ఎంతో లోతున, బరువు తట్టుకోలేక బండ తనంతట తనే పగిలిపోతుంది. మా లైన్లలో దాన్ని బరస్టు అనేవాళ్ళు. గిన్నెలు గలగలలాడేవి, రేకుల మీంచి దుమ్ము రాలేది. చాలాసార్లు ఎవరికీ ఏమీ అయ్యేది కాదు. పిల్లలు బెదరకూడదని టీచరమ్మ మాకొక ఆట నేర్పింది. భూమి అదిరితే అందరూ అరచేతులు నేలకు ఆనించి, "నిద్రపో భూదేవీ, నిద్రపో," అని జోకొట్టాలి. మాకు ఆ ఆటంటే ఎంత ఇష్టమంటే, అదురు కోసం కాచుకుని ఉండేవాళ్ళం.

ఆ పొద్దున ఉప్మా తింటుండగా అదిరింది. ఎప్పటికంటే పెద్దది. అరుగు మీది డబ్బాలు ఒకదానికొకటి తగిలి మోగాయి, రెండు కింద పడ్డాయి. మేము ఉప్మా చేతులతోనే నేలను జోకొట్టాం. నేను అందరికంటే గట్టిగా, "నిద్రపో భూదేవీ" అని అరిచాను. ఆట అయ్యాక నవ్వుకున్నాం. కాసేపటికి వేళ కాని వేళ సంగు మోగింది. ఎంతకీ ఆగలేదు.

షాఫ్టు గేటు దగ్గర అమ్మ రెండు రోజులు కూర్చుంది. నన్ను ఆయా ఇంట్లో ఉంచారు. ఆ ఏడు మా లైన్లలో ఎవరూ మొలకలు నీళ్ళలో వదలలేదు. మూడోనాడు నాన్నను పైకి తెచ్చారు. ముఖం చూపించలేదు. చొక్కా మాత్రం ఇచ్చారు. అందులో నేనెరిగిన వాసన ఏదీ లేదు, అంతా రాతిపొడే.

కర్మలన్నీ అయిన తరువాత నేను బాలవాడికి పోయేసరికి టీచరమ్మ ఒక్కతే గది సర్దుతోంది. మొలకలన్నీ వాడిపోయి ఉన్నాయి. ఒక్కొక్క డబ్బా బయట బోర్లిస్తోంది. చిలక డబ్బా బోర్లిస్తే మట్టి పడలేదు. నేలకు కొట్టింది. తెల్లటి గడ్డ ఒకటి డబ్బా ఆకారంలోనే ఊడి పడింది, పైన వేలెడు మందం నల్లమట్టి. ఆమె దాన్ని చూసింది. తరువాత నా డబ్బా తీసి, నిండా ఉన్న మట్టిని చూసింది. తరువాత నన్ను చూసింది.

కొడుతుందని చేతులు అడ్డం పెట్టుకున్నాను. ఆమె కొట్టలేదు. ఆ గడ్డను చీపురుతో చితక్కొట్టి కాలవలోకి తోసేసింది. చేతులు కడుక్కుని, నా ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"యాడా చెప్పొద్దు. మీ అమ్మకు గూడ చెప్పొద్దు. విన్నావా? తెలిస్తే నిన్ను బతకనియ్యరు," అంది. ఆ మాటే మళ్ళీ అంది. ఆ నెల గడవకుండానే బైరకూరికి వెళ్ళిపోయింది. తిరిగి రాలేదు. చాన్నాళ్ళు అది నామీద జాలి అనుకున్నాను. డబ్బాలు తెచ్చింది తనే, పాఠం మొదలుపెట్టింది తనే, కెలికి చూడనిదీ తనే. ఆమె కూడా దాక్కుందని పెద్దయ్యాక తెలిసింది. ఆమెను తప్పు పట్టే అర్హత నాకు లేదు.

ఆ తరువాత జరిగినవన్నీ చెప్పాలంటే నోరు రాదు. అమ్మకు ఆసుపత్రిలో ఊడ్చే పని దొరికింది. చిలక డబ్బాను అత్త అడిగి తీసుకుపోయి దేవుడి గూట్లో పెట్టుకుంది. "ఇదే నా తాళి నిలబెట్టింది," అని శుక్రవారం శుక్రవారం దానికి పూలు పెట్టేది. మా అమ్మ వినేలా ఎన్నడూ అనలేదు, కానీ తడిక గోడ కదా, వినబడేది. అమ్మ తన పని తను చేసుకుపోయేది. ఒక్కసారి మాత్రం, చింతపండు పిసుకుతూ పిసుకుతూ నా చేతుల వైపు చూసి, "మీ నాయన ఈ చేతిని నమ్మి పోయినాడే," అంది. నిందించలేదు, ఊరికే గుర్తు చేసుకుంది.

పాపకు మొలక రాని చెయ్యి అని పేరు పడిపోయింది. ఏ పెళ్ళిలోనూ పాలికల్లో గింజలు చల్లడానికి పిలిచేవాళ్ళు కాదు. చుట్టాల ఊళ్ళో విత్తే రోజుల్లో దాన్ని పొలం గట్టు మీద కూడా నిలబడనిచ్చేవాళ్ళు కాదు. అదీ నమ్మేసింది. నా పెళ్ళిలో నేనే దాని చెయ్యి పట్టి లాగితే, "వద్దక్కా, నా చెయ్యి మంచిది కాదు," అని వెనక్కి పోయి నిలబడింది. అందరి ముందూ నా పక్కనే నిలబెట్టుకోగలిగేదాన్ని, ఒక్క మాటతో. పీటల మీద కూర్చుని తల వంచుకున్నాను.

మామ ఆ రోజు నుంచి మనిషి కాలేదు. మా ఇంటికి కట్టెలు కొట్టిపెట్టింది ఆయన. నన్ను సైకిలు మీద హైస్కూలుకు దింపింది ఆయన. నాకు జ్వరమొస్తే భుజాన వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తింది ఆయన. తన కూతురికి రెండు జతలు కుట్టించలేని మనిషి, పండగకు నాకు కొత్త పావడా తప్పించలేదు. అత్త సణిగితే, "వాళ్ళ నాయన్ను తిన్నది నేను," అనేవాడు. నా కన్యాదానం కూడా ఆయనే చేశాడు. పెళ్ళికొడుకు కాళ్ళు కడిగేటప్పుడు ఆయన చూపంతా నామీదే, నీళ్ళన్నీ పళ్ళెం బయటే పోయాయి. నేను చూస్తూ కూర్చున్నాను.

తరువాత గనులు మూతపడ్డాయి. లైన్లు ఖాళీ అయ్యాయి. తడికలు కూలి, కప్పులు ఊడి, సగం ఇళ్ళలో తుమ్మలు లేచాయి. అత్త పోయింది, మా అమ్మ పోయింది. మామ ఒక్కడే ఆ గదిలో ఉండిపోయాడు. పాప బెంగుళూరులో బట్టల ఫ్యాక్టరీకి పోతూ, ఆదివారాలు వచ్చి వండిపెట్టి పోయేది. రాతిపొడి ఆయన ఊపిరితిత్తుల్లో ఏనాడో దిగిపోయింది. ఒకరోజు పాప ఫోను చేసి, "నిన్నే అడుగుతా ఉన్నాడక్కా, బేగ రా," అంది.

పోయాను. మంచం మీద ఎముకలు ఉన్నాయి, వాటి మీద దుప్పటి ఉంది. పాప కాళ్ళ దగ్గర కూర్చుని ఉంది. ఒక్కో మాటకూ ఒక్కో ఊపిరి తీసుకుంటూ ఆయన అన్నాడు, "అమ్మణ్ణీ... ఆ పొద్దు పోవాల్సింది నేను. నీ నాయన్ను పంపించి... ఇంట్లో కూర్చున్నా. ఇన్నేండ్లు... ఒక్క పొద్దు గూడ... నిద్ర సరిగా పోలేదు. క్షమించినానని... ఒక్క మాట చెప్పమ్మా, పోతాను."

ఇదే సమయమని నాకు తెలుసు. ఆ డబ్బాలో మట్టి మార్చింది నేను మామా, పాప చేతిలో ఏ దోషమూ లేదు, మీ తప్పు ఏమీ లేదు. ఇంతే చెప్పాలి. ఆయన తేలిగ్గా పోతాడు, పాప తేలిగ్గా బతుకుతుంది. పాప నా వైపే చూస్తోంది. ఆయన కూడా చూస్తున్నాడు. నాన్న పోయిన తరువాత నన్ను అంత ప్రేమగా చూసిన కళ్ళు ఈ లోకంలో అవి రెండే. ఆఖరి ఘడియలో అవి నన్ను వేరే రకంగా చూడడం నేను భరించలేననిపించింది.

"క్షమించినాను మామా," అన్నాను.

ఆయన రెండు చేతులూ కష్టంగా పైకెత్తి, నాకు దండం పెట్టాడు.